తోలు కాదు... కాగితమే!

బల్ల మీద రెండు పుస్తకాలు ఉన్నాయి. రెండూ ముదురు గోధుమరంగు అట్టలవే. రెంటి మీదా సన్నని ముడతలు తేలి, అంచుల దగ్గర అరిగినట్టు మెరుస్తున్నాయి.

''వీటిలో ఒకటి తోలు, ఒకటి కాగితం. ఏది ఏదో చెప్పండి బాబూ'' అన్నారు పెద్దాయన. చేత్తో తడిమి చూశాం. గోటితో గీరి చూశాం. చివరకు ఎడమచేతి వైపున్నది తోలన్నాం. ఆయన ఏమీ అనకుండా ఆ పుస్తకాన్నే వాసన చూడమని అందించారు. తోలు వాసన లేదు. బూటు పాలిషు వాసన, దాని వెనక చింతపిక్కల జిగురు వాసన వచ్చాయి. అది కాగితం!

గుడివాడ వెళ్లే దారిలో కాలువ గట్టు పక్కనున్న పల్లె అది. పెద్దాయన పాతకాలపు బైండరు. ''నా పేరెందుకండీ, పని గురించి రాయండి. పదిమందికి పనికొస్తుంది'' అన్నారు. అందుకే ఇక్కడ పేరు రాయడం లేదు.

చిట్టాలు పోయాయి... చేతులు మిగిలాయి

చిన్నతనంలోనే ఆయన విజయవాడ వెళ్లి బైండింగు పనిలో చేరారు. పుస్తక ప్రచురణకు పెట్టింది పేరైన ఆ ఊళ్లో అప్పట్లో చేతినిండా పని ఉండేది. తర్వాత సొంతూరు వచ్చి బియ్యం మిల్లులకూ, కిరాణా కొట్లకూ చిట్టాలు, ఆవర్జాలు కట్టి ఇచ్చేవారు. షాపుల్లో కొత్త లెక్కలు మొదలుపెట్టే రోజులు వస్తే రాత్రిళ్లు కూడా దీపం ఆరేది కాదు.

షాపుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. లెక్కలు అందులోకి వెళ్లిపోయాయి. చిట్టా అడిగేవారు తగ్గిపోయారు. సూది, దారం, కత్తి, ఒత్తుడు మర మూలన పడ్డాయి. అప్పుడు ఆయన భార్య ఒక మాట అన్నారట: ''ఏవండీ, లెక్కల పుస్తకం కొనకపోతే పెళ్లి ఫొటోల పుస్తకం కొంటారు. అట్ట బాగుంటే చాలు.''

అట్టకు తోలు వేయాలంటే పెట్టుబడి లేదు. రెక్సిన్ వేస్తే బజారులో దొరికే సరుకుకూ తమ సరుకుకూ తేడా ఉండదు. పైగా ప్లాస్టిక్ పూత వేసిన నాసిరకం గుడ్డ నాలుగేళ్లకే పొలుసులుగా రాలుతుంది. ఇంట్లో మిగిలింది పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌను పేపరు చుట్ట ఒక్కటే. ఆ చుట్టతోనే పని మొదలైంది. ఈ రోజు ఆ దంపతులతోపాటు ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు ఈ పని చేస్తున్నారు.

యాత్రికుల పొగాకు సంచి

కాగితాన్ని తోలులా చేయాలన్న ఆలోచన మనకు కొత్త కావచ్చుగానీ, లోకానికి కొత్త కాదు. జపాన్‌లో మూడు వందల ఏళ్ల కిందటే ఈ పని ఉంది. అది పుట్టిన కారణం వింటే మన ఊళ్లో సంగతిలాగే అనిపిస్తుంది.

జపాన్‌లో ఇసే అని పెద్ద పుణ్యక్షేత్రం. అక్కడ కొలువైనది సూర్యదేవత అమతెరాసు. దేశం నలుమూలల నుంచీ యాత్రికులు కాలినడకన వచ్చేవారు. వారిలో పొగ తాగే అలవాటున్నవారి నడుముకు పొగాకు సంచి వేలాడుతుండేది. మన గుళ్ల బయట చెప్పులు విడిచినట్టే, అక్కడ కూడా తోలు సామాను దేవుడి సన్నిధికి పనికిరాదన్న నమ్మకం ఉండేది. దాంతో ఆ ప్రాంతపు పనివారు కాగితాన్ని నలిపి, నూనె పట్టించి, అచ్చం తోలులా కనిపించే పొగాకు సంచులు కుట్టారు. యాత్రికులు వాటిని తాము వాడుకోవడమే కాక, క్షేత్రం నుంచి తెచ్చిన గుర్తుగా ఇళ్లకు కూడా తీసుకెళ్లేవారు.

వారి కాగితానికి ఒక బలం ఉంది. దాన్ని కాగితపు మల్బరీ చెట్టు లోపలి బెరడుతో చేస్తారు. అందులోని నారపోగులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఎంత నలిపినా తొందరగా తెగవు.

ఇంకో ముచ్చట ఉంది. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు యూరప్ నుంచి బంగారు పూత పూసిన తోళ్లు జపాన్‌కు తెచ్చారు. యూరప్‌లో సంపన్నులు ఆ తోళ్లను గోడలకు తాపడం చేయించుకునేవారు. జపాన్ పనివారు వాటిని చూసి కాగితంతో అలాంటివి చేయడం నేర్చారు. చెక్కిన కొయ్య మీద తడి కాగితాలు పొరలు పొరలుగా పరచి, కుంచెతో మోది, ఆ చెక్కడం కాగితంలోకి దిగేలా చేసేవారు. తర్వాత లోహపు రేకు, రంగు, లక్క పూసేవారు.

1871లో జపాన్‌లోని బ్రిటిష్ రాయబారి హ్యారీ పార్క్స్ ఆ దేశపు కాగితాల మీద తమ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. నమూనాలు కూడా సేకరించి పంపాడు. అందులో తోలు కాగితాలూ ఉన్నాయి. 1873లో వియన్నాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు జపాన్ సరుకు వెళ్లింది. ఆ తర్వాత ఈ కాగితం యూరప్ ఇళ్ల గోడలకెక్కింది. యూరప్ నుంచి తోలుగా వచ్చినది కాగితమై మళ్లీ యూరప్ చేరిందన్నమాట. 20వ శతాబ్దంలో ఈ విద్య దాదాపు అంతరించగా, 1980ల్లో ఉయెదా తకాషి అనే కళాకారుడు తిరిగి నిలబెట్టాడు.

తోలు వద్దనుకోవడం ఒక నమ్మకం. తోలు పని చేసే మనిషిని చిన్నచూపు చూడటానికి అది సాకు కారాదు. ''మంచి తోలు పని చేయడం నాకు రాదు. వచ్చినవాడికి దణ్ణం పెడతాను. నాకొచ్చింది కాగితం పని'' అంటారు పెద్దాయన.

కాగితం ఎలా ఎంచాలి?

ఈ పనికి చదరపు మీటరుకు 80 నుంచి 120 గ్రాముల బరువుండే బ్రౌను పేపరు తీసుకోవాలి. ఇంతకన్నా పలచనిది చిరుగుతుంది. మందమైనది ముడత పడదు, విరుగుతుంది.

ఇప్పుడు బజారులో దొరికే బ్రౌను పేపరుకు చాలావరకు ఒక వైపు ప్లాస్టిక్ పొర ఉంటోంది. అది పనికిరాదు. కొనేముందే రెండు వైపులా ఒక్కో నీటిబొట్టు వేసి చూడాలి. బొట్టు ఇంకితే మంచి కాగితం. తామరాకు మీద నీటిలా నిలిస్తే దాన్ని వదిలేయాలి. ఒకప్పుడు సిమెంటు ఈ కాగితపు సంచుల్లో వచ్చేది. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ నేత సంచుల్లో వస్తోంది కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే.

మిషను కాగితానికి గుడ్డకు ఉన్నట్టే పోగు వాలు ఉంటుంది. ఒక మూల చించి చూస్తే తెలిసిపోతుంది. పోగు వెంట చించితే చీలిక తిన్నగా పోతుంది. అడ్డంగా చించితే వంకరలు తిరుగుతుంది. పుస్తకానికి వేసేటప్పుడు పోగు ఎప్పుడూ పుస్తకం వెన్ను వెంటే, అంటే నిలువుగా ఉండాలి. లేకపోతే అట్ట వంగిపోతుంది.

నలపడమే అసలు విద్య

కాగితం మీద నీళ్లు చిలకరించి, చెమ్మ అంతటా పట్టాక మెల్లగా ఉండలా నలపాలి. విప్పి, చేత్తో సాపుచేసి, మళ్లీ నలపాలి. ఇలా పది పన్నెండు సార్లు చేయాలి. మొదటి మూడు సార్లు ఓపికగా చేయాలి. తొందరపడితే మధ్యలో చిరుగుతుంది.

''ఎప్పటికి చాలని తెలుస్తుంది?'' అని అడిగాం. ''చెవి చెబుతుంది'' అన్నారు పెద్దాయన భార్య. మొదట కాగితం కరకరలాడుతుంది. నలిపేకొద్దీ చప్పుడు తగ్గుతుంది. చివరకు పాత పంచెను పిడికిట పట్టినట్టు చప్పుడే ఉండదు. అప్పుడు ఆపాలి.

నలిపినప్పుడు కాగితంలోని నారపోగుల మధ్య పట్టు సడలుతుంది. అందుకే మెత్తబడుతుంది. అదే కారణంగా బలమూ తగ్గుతుంది. కాబట్టి నలిపిన కాగితాన్ని ఒంటరిగా వాడకూడదు. వెనక పాత నూలుగుడ్డ అతికించాలి. మైదా జిగురు పలచగా పూసి, గుడ్డ పరచి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో ఒత్తుకుంటూ పోవాలి. ముడతలను పూర్తిగా చదును చేయకూడదు. నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే అప్పడంలా వంకర్లు పోతుంది.

ఈ ఇంట్లో మైదాతోపాటు చింతపిక్కల జిగురు కూడా వాడతారు. పిక్కలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే గట్టి జిగురు వస్తుంది. ఇది మన జిల్లాల వారికి తెలియనిదేమీ కాదు. కొండపల్లి బొమ్మలకు ముక్కలు అతికేది చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే. అదే మక్కును మెత్తగా చేసి కాగితం మీద లతలు గీస్తే, ఆరాక అవి ఉబ్బెత్తుగా నిలుస్తాయి. అంత ఓపిక లేనివారు అట్ట మీద దారాన్ని లతలా అతికించి, పైన తడి కాగితం వేసి వేలితో ఒత్తినా సరిపోతుంది.

జిగురుకు పురుగు పట్టకుండా బైండర్లు చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. వంటపాత్రలో కలపకూడదు. పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రంగు... పాలిషు

ఆరిన కాగితానికి ముందు లేత గోధుమరంగు పలచగా వేయాలి. నీటికి కరిగిపోయే రంగులు వద్దు, చేతికి అంటుతాయి. ఆరితే కరగని ఆక్రిలిక్ రంగు మేలు. అది ఆరాక ముదురు రంగు పూసి, వెంటనే గుడ్డతో తుడిచేయాలి. గట్ల మీది రంగు పోతుంది, ముడతల లోతుల్లోది నిలుస్తుంది. తోలు పోలిక వచ్చేది ఇక్కడే. ఏళ్ల తరబడి వాడిన తోలులో కూడా మురికి లోతుల్లో చేరి, పైభాగం చేతి రాపిడికి తేలిపోతుంది. మనం చేసేదీ అదే.

ఆ తర్వాత ఒక పలచని పూత వార్నిషు. అది బాగా ఆరాక మైనపు పాలిషు కొద్దిగా రాసి, పది నిమిషాలాగి, మెత్తని గుడ్డతో రుద్దాలి. బూటు పాలిషు వాడితే చివర్లో తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు రంగు అంటుతుంటే ఆ వస్తువు ఇంకా అమ్మకానికి సిద్ధం కాలేదన్నమాట. పాలిషు, వార్నిషు పొయ్యికి దూరంగా పెట్టాలి. ఇవి తొందరగా అంటుకుంటాయి.

నూగుతోలు కావాలంటే...

కొన్ని చెప్పులు, సంచులు మెరవకుండా మఖమలులా నూగుతో ఉంటాయి. దాన్ని స్వెడ్ అంటారు. ఫ్రెంచి భాషలో అది స్వీడన్ దేశం పేరు. అక్కడి మెత్తని చేతితొడుగుల వల్ల తోలుకు ఆ పేరు వచ్చింది. తోలుకు వెంట్రుకలుండే పైభాగం నున్నగా ఉంటుంది. మాంసం వైపుండే లోపలి భాగాన్ని రాపిడి పెట్టి నూగు తేలుస్తారు. అదే స్వెడ్.

కాగితంతో కూడా ఇదే పని చేయవచ్చు. అయితే ఇక్కడ రంగు ముందు, రాపిడి తర్వాత. చిక్కని టీ డికాక్షనులో కాగితాన్ని ముంచి తీస్తే రంగు లోపలిదాకా పడుతుంది. మనవాళ్లు తోళ్లు పదును చేయడానికి తంగేడు చెక్క వాడేవారు. ఆ చెక్కలో ఉండే వగరు పదార్థం వంటిదే టీలోనూ ఉంది. కాగితం ఆరాక పైన చెప్పినట్టు నలిపి, గుడ్డ అతికించి, పూర్తిగా ఆరనివ్వాలి. అప్పుడు 320 నంబరు ఉప్పుకాగితంతో చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు తేలికగా రుద్దాలి. సన్నని నూగు పైకి లేస్తుంది. చివర్లో అదే రంగు సుద్దపొడి అద్ది, మెత్తని బ్రష్షుతో దులిపేయాలి.

పని బాగా కుదిరిందో లేదో వేలితో తెలుసుకోవచ్చు. ఒక వైపుకు నిమిరితే నీడగా, ఎదురు నిమిరితే తేటగా కనిపించాలి. దీనికి పాలిషు గానీ వార్నిషు గానీ పూయకూడదు. పూస్తే నూగు అణిగిపోతుంది. రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరిచిపోవద్దు.

నలభై పుస్తకాలు తిరిగొచ్చాయి

అన్నీ నేర్చాక కూడా ఒక దెబ్బ తగిలింది. ఒక వర్షాకాలంలో ఒక షాపువారు నలభై డైరీలకు ఆర్డరిచ్చారు. తీసుకెళ్లి తోలు డైరీలని చెప్పి అమ్మారు. కొన్నవారిలో ఒకరి సంచి వానలో తడిసింది. అట్ట ఉబ్బి, రంగు కారి, గుడ్డ నుంచి కాగితం ఊడింది. తోలని చెప్పి మోసం చేశారని ఆయన గొడవ పెట్టుకున్నారు. షాపువారు అమ్మకుండా మిగిలినవీ, అమ్మినవీ కూడా తిప్పి పంపారు. డబ్బు రాలేదు. నలుగురు ఆడవాళ్ల నెల రోజుల కష్టం అటక మీదికి చేరింది.

''తోలని మేం చెప్పలేదు బాబూ. కాగితమనీ చెప్పలేదు. అదే మా తప్పు. ముందే చెబితే తడవకుండా చూసుకునేవారు కదా'' అన్నారు పెద్దాయన భార్య.

పెద్దాయన అటక మీది నుంచి ఒక డైరీ దించి చూపించారు. తప్పు రెండు చోట్ల జరిగిందట. ఒకటి, వానాకాలపు చెమ్మలో జిగురు పూర్తిగా ఆరకముందే రంగు వేశారు. రెండు, అట్ట పైభాగానికే వార్నిషు పూశారు, అంచులకూ మడతలకూ పూయలేదు. నీరు అక్కడి నుంచే దిగింది. ఇప్పుడు ముసురు పట్టిన రోజుల్లో అతికే పని పెట్టుకోరు. నలపడం, కోయడం చేసుకుంటారు. అట్ట లోపలి వైపు కూడా కాగితం అతికిస్తారు. దాంతో రెండు వైపులా లాగుడు సమానమై అట్ట వంగదు. అంచులకు రెండు పూతల వార్నిషు వేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యంగా ప్రతి పుస్తకం లోపల చిన్న చీటీ అతికిస్తున్నారు. అందులో మూడే మాటలు: ''ఇది కాగితంతో చేసినది. తడపవద్దు. మెత్తని గుడ్డతో తుడవండి.''

చీటీ అతికించడం మొదలుపెట్టాక అమ్మకాలు పడిపోతాయని భయపడ్డారట. జరిగింది వేరు. కొనేవారు చీటీ చదివి, అట్టను మళ్లీ ఒకసారి తడిమి చూస్తున్నారు. ''కాగితమా! ఎలా చేశారు?'' అని అడుగుతున్నారు. తోలని నమ్మినప్పుడు ఎవరూ ఆ మాట అడగలేదు.

దేనికి పనికొస్తుంది? దేనికి రాదు?

ఫొటో ఆల్బములు, డైరీలు, పూజ పుస్తకాల అట్టలు, శుభలేఖల కవర్లు, గాజుల పెట్టెలు, కళ్లజోడు పెట్టెలకు తోలు కాగితం బాగుంటుంది. నూగు కాగితం పెట్టెల లోపలి భాగానికి, ఫొటో చట్రాలకు బాగుంటుంది.

బరువు మోసే సంచులకు, బెల్టులకు, చెప్పులకు, రోజూ చెమట తగిలే పర్సులకు కాగితం పనికిరాదు. మన తోలుబొమ్మలాట సంగతే చూడండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో నేటికీ బొమ్మలను మేకతోలుతోనే చేస్తారు. దీపం వెనక నుంచి వెలుగు దూసుకువచ్చే ఆ గుణం ఇలాంటి కాగితానికి రాదు. ఏ పని దేనితో అవుతుందో తెలిసి చేస్తేనే పనివాడికి గౌరవం.

ధర కట్టడంలో కూడా జాగ్రత్త కావాలి. కొత్తవారు కాగితం, జిగురు, రంగుల ఖర్చే లెక్క వేస్తారు. వాటికి అయ్యేది తక్కువే. అసలు ఖర్చు చేతులది. నలపడం, ఆరబెట్టడం, రంగు, రాపిడి, అన్నిటికీ ఒక్కో అట్టకు ఎంత పొద్దు పట్టిందో రాసుకుని, ఆ ఊళ్లో నడిచే కూలి ప్రకారం కలపాలి. పాడైపోయే అట్టల ఖర్చును కూడా మిగతా వాటి మీద వేసుకోవాలి. అలా లెక్కేస్తే గిట్టుబాటు కాని ఆర్డరును వదులుకోవడమే మంచిదని ఆ నలుగురు ఆడవాళ్లు తేల్చుకున్నారు. ఆ లెక్కలన్నీ ఒక పుస్తకంలో ఉన్నాయి. ఎర్రగుడ్డ అట్ట వేసిన ఆ చిట్టాను పెద్దాయనే కట్టారు.

మేం బయలుదేరుతుంటే ఆయన ఒక బ్రౌను పేపరు ముక్క చేతిలో పెట్టారు. ''దారిలో నలుపుకుంటూ వెళ్లండి. చప్పుడు ఆగేదాకా ఆపకండి'' అన్నారు. బస్సు వచ్చేసరికి అది ఇంకా కరకరలాడుతూనే ఉంది.